అప్పుల దిగులుతో కుంగిపోయిన మనిషికి ఇంట్లో వాళ్లు ఎలా తోడుండాలి

ఇంట్లో ఒకరు కొన్నాళ్లుగా మునుపటిలా లేరు. ఫోను మోగితే ఉలిక్కిపడతారు, లేదా దాన్ని బోర్లించి పక్కన పడేస్తారు. బజారు దారి మానేసి సందుల్లోంచి చుట్టూ తిరిగి వస్తారు. కంచం ముందు కూర్చుంటారు గానీ నాలుగు ముద్దలకే చేయి కడిగేస్తారు. తెల్లవారుజామున మూడింటికే లేచి వరండాలో కూర్చుంటారు. అడిగితే ‘ఏం లేదు’ అంటారు. ఆ ‘ఏం లేదు’ వెనక చాలాసార్లు ఒక అప్పు ఉంటుంది. పంట పోయి మిగిలిన అప్పు, దుకాణం నడవక చేసిన అప్పు, కూతురి పెళ్లికి తెచ్చినది, ఎవరికో హామీ సంతకం పెట్టి నెత్తిన వేసుకున్నది.

అలాంటి మనిషికి భార్యగానో, అన్నగానో, కొడుకుగానో, చిన్ననాటి స్నేహితుడిగానో మీరు పక్కన ఉంటే ఏం చేయాలో వరుసగా చెబుతాను. డబ్బు సర్దడం ఇందులో మొదటి పని కాదు. అప్పు తీర్చే దారి వెతికే హడావుడిలో పడి మనిషినే వదిలేసిన ఇళ్లు చాలా ఉన్నాయి. ముందు మనిషిని చూసుకోవాలి, లెక్క ఆ తర్వాత.

ఒక సంగతి ముందే చెప్పాలి. ఆ మనిషి ఇప్పటికే ‘నేను లేకపోతే మీరందరూ హాయిగా ఉంటారు’ అంటున్నా, ఉన్నట్టుండి బీమా కాగితాలు, పాసు పుస్తకాలు సర్ది మీ చేతికిస్తున్నా, దూరంగా ఉన్నవాళ్లకు ఫోను చేసి వీడ్కోలులా మాట్లాడుతున్నా, రోజుల తరబడి అల్లాడిపోయినవారు ఒక్కసారిగా ప్రశాంతంగా మారిపోయినా, కింది మొదటి మెట్టు దగ్గర ఆగకండి. వాళ్లను ఒంటరిగా వదలకుండా నేరుగా రెండో మెట్టుకు వెళ్లండి.

మొదటి మెట్టు: పక్కన కూర్చోండి

ఎదురెదురుగా కుర్చీలు వేసుకుని ‘నీతో మాట్లాడాలి’ అని మొదలుపెడితే అది పంచాయితీలా ఉంటుంది. పక్కపక్కన ఉండి చేసే పని ఏదైనా చూసుకోండి. పొలం గట్టు మీద నడక, బండి మీద పక్క ఊరికి వెళ్లి రావడం, రాత్రి భోజనాలయ్యాక మేడ మీద చాప. కళ్లలోకి చూడాల్సిన అవసరం లేనప్పుడు మన మగవాళ్లు కాస్త నోరు విప్పుతారు. పిల్లలు, అత్తమామలు వినే చోట వద్దు. తాగి ఉన్నప్పుడు అసలే వద్దు.

మొదటి మాట మీ కంటికి కనబడిన దాని గురించి ఉండాలి. భార్య అయితే, ‘ఏమండీ, పది రోజులుగా మీకు నిద్ర పట్టడం లేదు, నేను చూస్తూనే ఉన్నాను. నాకు బెంగగా ఉంది’ అనవచ్చు. అన్న అయితే, ‘తమ్ముడూ, నువ్వు ఈ మధ్య సరిగ్గా తినడం లేదు. ఏదో మోస్తున్నావు. ఏదైనా సరే, నాకు చెప్పవచ్చు’ అనవచ్చు. ‘అసలు నీకేమైంది?’ అన్న ప్రశ్నలో నిలదీత వినబడుతుంది. ‘నేను చూస్తున్నాను’ అన్న మాటలో అది ఉండదు.

ఆ తర్వాత ఊరుకోండి. అన్నిటికంటే కష్టమైన భాగం ఇదే. రెండు మూడు నిమిషాల మౌనం మనకు భరించలేనంత పొడవుగా అనిపించి, ఏదో ఒక సలహాతో దాన్ని నింపేస్తాం. నింపకండి. మళ్లీ ‘ఏం లేదు’ అంటే, ‘సరే, చెప్పాలనిపించినప్పుడు చెప్పు’ అని వదిలేసి, మర్నాడు అదే వేళకు మళ్లీ పక్కన కూర్చోండి. మొదటి రోజే చెప్పేవాళ్లు తక్కువ.

చెప్పే రోజు వచ్చినప్పుడు మాత్రం మీకు పరీక్ష. అంకె బయటకు వస్తుంది. బీరువాలో ఉందనుకున్న రెండు పేటల గొలుసు కుదువ దుకాణంలో ఉందని, ఆ రసీదు ఆయన పర్సులో మడతలు పడి చిరుగుపట్టి ఉందని అప్పుడు తెలుస్తుంది. ఆ క్షణంలో ఆయన చూసేది మీ మొహాన్నే. ‘ఇన్నాళ్లు నాకు ఎందుకు చెప్పలేదు?’ అన్న కోపం వస్తుంది. ఆ కోపం న్యాయమైనదే, మీరు దాన్ని మింగేసి బతకాలని నేను అనను. అయితే ఆ సాయంత్రం దాన్ని ఆయన ముందు పెట్టకండి. అక్కకో, నమ్మకమైన స్నేహితురాలికో ఫోను చేసి అక్కడ ఏడవండి, తిట్టండి. ఆయనకు మాత్రం ఇంతే చెప్పండి: ‘చెప్పి మంచి పని చేశారు. ఇక ఇది మీ ఒక్కరి లెక్క కాదు, మనది.’

ఈ సమయంలో మన నోటికి అలవాటుగా వచ్చే మాటలు కొన్ని ఉన్నాయి. ‘మగాడివై ఉండి ఏడుపేమిటి’, ‘అప్పులు లేనివాళ్లు ఎవరు’, ‘ఫలానా వాళ్లు కోటి అప్పులో ఉండి దర్జాగా తిరుగుతున్నారు’, ‘గుండె నిబ్బరం చేసుకో’, ‘పిల్లల మొహం చూసైనా లేచి తిరుగు’. వీటిలో ఏదీ చెడు ఉద్దేశంతో అనేది కాదు. కానీ వినేవారి చెవికి ఇవన్నీ ‘నీకు చేతకాలేదు’ అనే వినబడతాయి. పిల్లల మాట మరీ లోతుగా గుచ్చుకుంటుంది. పిల్లలకు అన్యాయం చేశానన్న ఆలోచనతోనే ఆయన రాత్రిళ్లు నిద్రపోవడం లేదు.

అప్పు చేసింది ఆడవాళ్లయితే మరో చిక్కు ఉంటుంది. సూక్ష్మ రుణ (మైక్రోఫైనాన్స్) సంస్థ దగ్గర, చీటీల్లో, పొదుపు సంఘంలో తీసుకున్న డబ్బు చాలాసార్లు ఇంటి కోసమే ఖర్చయి ఉంటుంది. వాయిదా కట్టలేని రోజు మాట పడేది మాత్రం ఆమె ఒక్కతే, అదీ సంఘంలోని తోటి ఆడవాళ్ల ముందు. 2010లో ఈ సంస్థల వసూళ్ల ఒత్తిడి తట్టుకోలేక ప్రాణాలు తీసుకున్న వార్తలు వరసగా వచ్చి, వాటిని కట్టడి చేయడానికి ఆ అక్టోబరులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఏకంగా ఆర్డినెన్సు తేవాల్సి వచ్చింది. ఆమె ‘కిస్తీ రోజు’ అంటే ఎందుకు వణుకుతుందో భర్త, కొడుకులు అర్థం చేసుకోవాలి. ఆ రోజు ఇంట్లో ఉండి, వచ్చినవాళ్లతో మీరే మాట్లాడండి.

రెండో మెట్టు: చావు గురించి నేరుగా అడగండి

‘అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టు అవుతుందేమో’ అని అందరూ భయపడతారు. అలా జరగదు. ఆత్మహత్యల నివారణలో పనిచేసే వైద్యులందరూ ఈ విషయంలో ఒకటే చెబుతారు: అడగడం వల్ల ఆలోచన పుట్టదు, ఉన్న ఆలోచనను ఒంటరిగా మోసే బాధ తగ్గుతుంది. డొంకతిరుగుడు లేకుండా, మెత్తగా అడగండి. ‘ఇంత బాధలో ఉన్నప్పుడు కొందరికి చచ్చిపోవాలని అనిపిస్తుంది. నీకు అలా అనిపిస్తోందా?’ ‘పిచ్చి పిచ్చి ఆలోచనలేం లేవు కదా?’ అని అడగకండి. ఆ ప్రశ్నకు ‘లేవు’ అన్న జవాబు తప్ప మరొకటి చెప్పే వీలుండదు.

‘అవును’ అంటే బెదిరిపోకండి, ఒట్లు వేయించుకోకండి. ‘చెప్పావు, అదే చాలు’ అని, ఏదైనా అనుకున్నావా, ఎప్పుడు అనుకున్నావు అని కూడా అడగండి. ఎలా, ఎప్పుడు అన్నది కూడా అనుకుని ఉంటే ఆ క్షణం నుంచి వారిని ఒంటరిగా వదలకూడదు. ‘ఎవరికీ చెప్పనని మాట ఇవ్వు’ అంటే ఆ మాట ఇవ్వకండి. ‘నిన్ను కాపాడుకోవడానికి అవసరమైన ఒకరిద్దరికి చెబుతాను, ఊరందరికీ కాదు’ అనండి.

ఇక చేతుల్తో చేయాల్సిన పని. ఇంట్లో, పశువుల కొట్టంలో, మోటారు గదిలో ఉన్న పురుగుమందులు, కలుపు మందులు ఆ రోజే అక్కడి నుంచి తీసేయండి. తాళం వేసి దాచడం కంటే నమ్మకమైన వేరే రైతు ఇంటికి చేర్చడం మేలు. ఇంట్లో మిగిలిపోయిన పాత మాత్రలు, పెద్దవాళ్ల బీపీ, షుగరు, నిద్ర మాత్రలు మీ దగ్గర ఉంచుకుని ఏ పూటకు ఆ పూట ఇవ్వండి. చావాలనుకున్న మనిషి ఇది కాకపోతే మరో దారి వెతుక్కుంటాడు గదా అని కొందరు అంటారు. అనుభవం అలా చెప్పడం లేదు. శ్రీలంకలో అత్యంత విషపూరితమైన పురుగుమందులను 1990ల నుంచి ఒక్కొక్కటిగా నిషేధిస్తూ వచ్చాక ఆ దేశంలో ఆత్మహత్య మరణాలు బాగా తగ్గాయి. ఆ ఉధృతి చాలామందిలో కొద్దిసేపే ఉంటుంది. ఆ కాసేపు చేతికందే దూరంలో ఏమీ లేకపోతే మనిషి దక్కుతాడు.

14416 అనే నంబరు ఇంట్లో అందరి ఫోన్లలో ఉండాలి. ఇది కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న మొదలుపెట్టిన టెలి మానస్, అంటే మనసు బాధల్లో ఉన్నవాళ్లకు ఫోనులో సాయం చేసే సేవ. ఇరవై నాలుగు గంటలూ పనిచేస్తుంది, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. బాధలో ఉన్నవారే చేయనవసరం లేదు. ‘మా ఆయన ఇలా ఉన్నారు, నేను ఏం చేయాలి’ అని మీరు చేసినా మాట్లాడతారు. అప్పటికే ఏదైనా జరిగిపోతే మాత్రం ఇంటి వైద్యాలు, బలవంతంగా వాంతి చేయించడాలు వద్దు. వెంటనే 108కి చేయండి. తాగిన మందు డబ్బాను, మింగిన మాత్రల అట్టను ఆసుపత్రికి తీసుకువెళ్లండి.

కేసు అవుతుందన్న భయంతో ఆసుపత్రికి ఆలస్యం చేయకండి. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షన్ ప్రకారం, ప్రాణం తీసుకోబోయిన వ్యక్తి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టుగానే భావించాలి, విచారించి శిక్షించకూడదు. వివరాలు రాసుకోవడానికి పోలీసులు రావచ్చు. దానికి జంకవద్దు.

మూడో మెట్టు: డాక్టరు దగ్గరికి

దిగులు, నిద్రలేమి, దేని మీదా మనసు లేకపోవడం రెండు వారాలకు మించి సాగితే అది డాక్టరు చూడాల్సిన స్థితి. ‘మనసు డాక్టరు’ అనగానే ‘నాకేమైనా పిచ్చా?’ అంటారు. అప్పుడు వాదనకు దిగకండి. నిద్ర నుంచి మొదలుపెట్టండి. ‘నిద్ర లేకపోతే ఏ పనీ చేయలేం, ముందు నిద్ర సంగతి చూపిద్దాం’ అంటే చాలామంది కదులుతారు. అందుకూ ఒప్పుకోకపోతే, ఆయన నమ్మే మామూలు డాక్టరు దగ్గరికే ముందు తీసుకువెళ్లండి. థైరాయిడ్ తేడా, రక్తహీనత కూడా మనిషిని నీరసంలోకి, దిగులులోకి నెట్టగలవు కాబట్టి ఆ రక్త పరీక్షలు ఎలాగూ మంచివే.

జిల్లా ప్రభుత్వ ఆసుపత్రుల్లో, వైద్య కళాశాలల ఆసుపత్రుల్లో మానసిక వైద్య విభాగాలు ఉంటాయి. హైదరాబాద్ ఎర్రగడ్డలో, విశాఖపట్నంలో ప్రత్యేక ప్రభుత్వ మానసిక వైద్యశాలలు ఉన్నాయి. అప్పుల్లో ఉన్న ఇంటికి ఫీజు మరో భారం కాకూడదు గనుక ముందు ప్రభుత్వ ఆసుపత్రికే వెళ్లమంటాను. వెళ్లేముందు ఒక కాగితం మీద నాలుగు విషయాలు రాసుకోండి: ఎప్పటి నుంచి, నిద్ర ఎంత, తిండి ఎంత, చావు మాట ఎప్పుడైనా అన్నారా. డాక్టరు ముందు కూర్చోగానే మనవాళ్లు ‘బాగానే ఉన్నానండీ’ అనేస్తారు. ఆ కాగితం అప్పుడు పనికొస్తుంది.

దిగులుకు ఇచ్చే మందులు వేసిన మర్నాటికి పనిచేయవు. రెండు నుంచి నాలుగు వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది. మొదటి రోజుల్లో కడుపులో తిప్పడం, తలనొప్పి రావచ్చు. ‘వారం వేశాను, ఏం లాభం లేదు’ అని మానేసేది సరిగ్గా ఈ దశలోనే. ఇంకో మాట, దీన్ని గట్టిగా గుర్తుపెట్టుకోండి: మందు మొదలైన తొలి వారాల్లో ఒంట్లో ఓపిక ముందు తిరిగి వచ్చి, మనసులో దిగులు అలాగే ఉండవచ్చు. లేచి తిరుగుతున్నారు కదా అని కాపలా సడలించకండి. మందుల దుకాణంలో అడిగి తెచ్చే నిద్ర మాత్రలు ఈ వైద్యానికి బదులు కావు. మద్యం ఆ రాత్రికి నిద్ర పుచ్చినట్టే ఉంటుంది గానీ దిగులును పెంచుతుంది, మనిషిని తెగింపులోకి నెడుతుంది.

గుడికి వెళదాం, దిష్టి తీద్దాం, తాయెత్తు కడదాం అని అమ్మ అంటుంది. కాదనకండి. దేవుడి ముందు కాసేపు కూర్చుంటే ఆయనకు ఊరట కలుగుతుందంటే వెళ్లిరండి. మందులు మాత్రం ఆపకూడదు, అంతే.

నాలుగో మెట్టు: అప్పుల చిట్టా

నిద్ర కాస్త కుదిరాకే ఈ పని పెట్టుకోండి. చిట్టా రాయడం ఎందుకంటే, తలలో తిరిగే అప్పుకు హద్దు ఉండదు. కాగితం మీదికి వస్తే అదెంత పెద్దదైనా ఒక అంకె దగ్గర ఆగుతుంది.

ఒక నోటు పుస్తకం తీసుకుని, ఎవరికి, అసలు ఎంత, వడ్డీ ఎంత, ఇప్పటిదాకా కట్టింది ఎంత, తాకట్టు ఏమిటి, కాగితం ఏం రాశారు, ఇలా గడులు గీయండి. పెన్ను మీ చేతిలో ఉండాలి, ఆయన చెబుతూ ఉంటే చాలు. ఒక్క పూటలో అరగంటకు మించి వద్దు. ‘నూటికి రెండు రూపాయలు’ అంటే ఏడాదికి ఇరవై నాలుగు శాతం, ‘మూడు’ అంటే ముప్పై ఆరు. ఆ లెక్క వేస్తే ముందు ఏది తీర్చాలో దానంతట అదే తేలుతుంది. పాత అప్పు తీర్చడానికి కొత్త అప్పు, అందులోనూ ఫోను యాప్‌లో అప్పు, ఎట్టి పరిస్థితిలోనూ చేయవద్దు.

వసూలు ఫోన్లు ఇక మీ చేతికి రావాలి. నా దృష్టిలో ఆ మనిషికి మీరు చేయగలిగిన సాయాల్లో దీనికి మించినది లేదు. సిమ్ము మీ ఫోనులో వేసుకోండి, ఆయనకు వేరే నంబరు ఇవ్వండి. బ్యాంకులు, ఫైనాన్స్ కంపెనీల తరఫున వసూలు చేసేవాళ్లు ఉదయం 8 గంటలకు ముందు, సాయంత్రం 7 తర్వాత ఫోను చేయకూడదని రిజర్వు బ్యాంకు 2022 ఆగస్టులో స్పష్టంగా చెప్పింది. సూక్ష్మ రుణాలకైతే ఉదయం 9, సాయంత్రం 6 హద్దులు. బూతులు, బెదిరింపులు, బంధువులకు ఫోను చేసి అవమానించడం, ఇవన్నీ నిషిద్ధమే. కాల్ రికార్డు చేసి, ముందు ఆ సంస్థకే రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. బ్యాంకు అప్పయితే మేనేజరును కలిసి గడువు పొడిగింపు గానీ, ఒకేసారి కట్టి తేల్చుకునే ఒప్పందం గానీ వీలవుతుందా అని అడగండి. ప్రకృతి విపత్తుగా ప్రకటించిన చోట పంట రుణాల గడువు మార్చడానికి బ్యాంకులకు నిబంధనలు ఉన్నాయి.

రుణ యాప్‌ల వాళ్లు ఫోనులోని ఫొటోలను మార్ఫింగ్ చేసి బంధువులకు పంపుతామని బెదిరిస్తే 1930కి చేయండి, అది సైబర్ నేరాల ఫిర్యాదు నంబరు. అంతకంటే ముందు మీరే దగ్గరివాళ్లకు చెప్పేయండి: ‘ఫలానా యాప్ వాళ్లు తప్పుడు ఫొటోలు పంపవచ్చు, నమ్మకండి, మాకు పంపి తుడిచేయండి.’ ఈ ఒక్క సందేశంతో వాళ్ల చేతిలోని ఆయుధం పోతుంది. ‘అందరికీ తెలిసిపోతుంది’ అన్న భయమే ఆ యాప్‌ల పెట్టుబడి.

ఊళ్లో వడ్డీకి ఇచ్చినవాళ్లతో మాట్లాడటానికి ఇద్దరికీ మాట చెల్లే పెద్దమనిషిని వెంట తీసుకువెళ్లండి. కట్టిన ప్రతి రూపాయికీ రసీదు తీసుకోండి, లేదా ప్రామిసరీ నోటు వెనక రాయించుకోండి. కోర్టు నోటీసు వస్తే భయపడి దాచేయకండి. ఉచిత న్యాయ సహాయం కోసం 15100కి చేస్తే మీ జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు దారి చూపుతారు.

రోజులు గడపడం

స్నానం, ఎండలో పావుగంట, వేళకు ఇంత అన్నం. మొదట ఇవి చాలు. ‘ఏం తింటావు?’ అని అడిగితే ఆ నిర్ణయం కూడా బరువే. పెరుగన్నం కలిపి పెట్టి పక్కన మీరూ తినండి. ఆ తర్వాత చేతకాగల చిన్న పని ఒకటి అప్పగించండి. పాలు తేవడం, పాపను బడి దగ్గర దింపడం. ఎవరింటి పెళ్లికో, గృహప్రవేశానికో లాక్కెళ్లకండి. అక్కడ వరుసగా పదిమంది ‘ఇప్పుడేం చేస్తున్నావు?’ అని అడుగుతారు. బంధువులకు ఇంటిల్లిపాదీ ఒకే మాట చెప్పాలి: ‘ఒంట్లో బాగోలేదు, మందులు వాడుతున్నారు.’ అది నిజమే, అంతకు మించి ఎవరికీ లెక్క చెప్పనవసరం లేదు.

పిల్లలకు మాత్రం చెప్పండి. దాచితే తమ వల్లే నాన్న మాట్లాడటం లేదని అనుకుంటారు. ‘నాన్నకు దిగులు జబ్బు చేసింది, డాక్టరు చూస్తున్నారు, నీ తప్పేం లేదు’ అంటే ఏడేళ్ల పిల్లకు కూడా అర్థమవుతుంది.

మీరొక్కరే రాత్రింబవళ్లు కాపలా ఉంటే వారం తిరక్కుండానే మంచాన పడతారు. ఇంకో ఇద్దరిని కూడగట్టుకోండి. బావగారు సాయంత్రాలు వచ్చి కూర్చుంటారు, స్నేహితుడు ఆదివారం బండి మీద తిప్పుతాడు, రాత్రి మీరు ఉంటారు. ‘సాయం కావాలంటే చెప్పు’ అన్నవాళ్లకు నిజంగానే ఒక పని చెప్పండి. నిద్రపోయే వంతు మీకు వచ్చినప్పుడు నిద్రపోండి.

మనసు తేరుకునేటప్పుడు తిన్నగా పైకి రాదు. నాలుగు రోజులు నవ్వి, ఐదో రోజు మళ్లీ గోడ వైపు తిరిగి పడుకుంటారు. ‘మళ్లీ మొదటికొచ్చింది’ అనకండి. తేరుకున్నాక కూడా మందులు నెలల తరబడి, సాధారణంగా ఆరు నెలలు లేదా అంతకు మించి వాడాల్సి ఉంటుంది. ఎప్పుడు తగ్గించాలో, ఎప్పుడు ఆపాలో డాక్టరే చెప్పాలి. గోడ మీది క్యాలెండరులో వాయిదా గడువులు, కోర్టు తేదీలు, పంట డబ్బు చేతికి రావాల్సిన వారం, మందులు అయిపోయే రోజు గుర్తు పెట్టుకోండి. ఆ తేదీలకు ముందు రోజు సాయంత్రం మీరు గానీ, ఆ ఇద్దరిలో ఒకరు గానీ ఇంట్లో ఉండేలా ఇప్పుడే మాట్లాడుకోండి.